సుపాద్మి వంతు

పొద్దున్నే టీ తాగి, వాగిమన్ ఆ వారంలో నాలుగోసారి వాద్యాల కొట్లో కీబోర్డుల ముందు నిలబడ్డాడు. కుడిచేత్తో ఒక మెట్టు నొక్కి, రెండోది నొక్కుతూనే ఎడమచేత్తో మొదటిదాన్ని అణుస్తున్నాడు. గమెలాన్ అనే కంచు వాద్యాల మేళంలో పలకలు వాయించేవాళ్లకు అది అలవాటు. అణచకపోతే మోత ఆగదు. ఇక్కడ మాత్రం అణిచినప్పుడల్లా, వాయించింది రాసిపెట్టే కంప్యూటర్ తెరమీద ఇంకో స్వరం పడుతోంది.

"తాతా, ఇది కంచు కాదు. వేలు తీస్తే అదే ఆగుతుంది," అంది కొట్టు చూసే వులాన్. "ఆ ఎడమచేతిని జేబులో పెట్టుకో."

"పెడితే కుడిచెయ్యి కూడా ఆడదమ్మా."

"రాసుకోవడానికేగా? ఇరవై అయిదు మెట్లది చాలు, సంచిలో పడుతుంది."

"ఇద్దరి వాయింపు పట్టాలి," అని ఆయన అరవై ఒక్క మెట్లదాన్ని జానలతో కొలుచుకుని తీసుకున్నాడు.

సోలో పట్నం రేడియోలో నలభై ఏళ్లు ఇతరుల పాటలకు స్వరాల అంకెలు రాసిన మనిషి. ఇప్పుడు వేళ్లు వణికి కలం నిలవడం లేదు. గురువుగారి పాట ఒక్కటి కాగితం ఎక్కకుండా మిగిలిపోయింది. దాన్ని ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని వాయించాలి. ఒకరి దెబ్బల మధ్య రెండోవారి దెబ్బ పడాలి. తన వంతు వాగిమన్‌కు కంఠతా వచ్చు. రెండో వంతు భార్య సుపాద్మిది. నిరుడు ఆమెతోపాటే అదీ మట్టిలో కలిసింది. తను కూడా పోతే ఆ పాటే ఉండదని ఆయన దిగులు.

ఇంట్లో మేనకోడలు మియాతి వైర్లు కలిపి, శ్రుతి సరిచేసింది. వాద్యాన్ని దాటితే తప్పని ఆయన కీబోర్డు చుట్టూ తిరిగి వచ్చి చాపమీద కూర్చున్నాడు.

"మామయ్యా, ఎడమచేతిమీద కూర్చో. పీడా పోతుంది."

అలాగే కూర్చుని వాయించాడు. తెరమీద ఆయన స్వరాల మధ్య వేరే అంకెలు పడుతూనే ఉన్నాయి.

"మళ్లీ అణిచావు చూడు," అని నవ్వింది మియాతి.

వాగిమన్ తొడకింద నుంచి చెయ్యి తీసి చూపించాడు. అరచేతినిండా చాప గుర్తులు. మియాతి నవ్వు ఆపేసింది. "వైరు బాగాలేదేమో, ఇంకోటి తెస్తా," అంటూ బజారుకు వెళ్లింది.

ఆయన చేతిని మళ్లీ తొడకింద పెట్టుకుని మొదటినుంచీ ఎత్తుకున్నాడు. మూడో వరసలో మధ్య అంకె కాస్త ముందే పడింది. సరిగ్గా అక్కడే సుపాద్మి ఎప్పుడూ తొందరపడేది, ఎన్ని తిట్లు తిన్నా మానలేదు. ఆయనకు చాలా భయం వేసింది. ఆపితే మిగతాది రాదేమోనని అంతకంటే భయం వేసింది.

"నెమ్మదిగానే, పద్మీ," అన్నాడు.

మధ్యాహ్నానికి మియాతి తిరిగి వచ్చేసరికి ఆయన గోడకు ఆనుకుని ఉన్నాడు, గడ్డం గుండెలమీదికి వాలి ఉంది. పిలిచింది. భుజం తట్టింది. ఒళ్లు చల్లగా ఉంది. ఎడమచెయ్యి ఇంకా తొడకిందే ఉంది.

ఏడుస్తూనే తెరవైపు చూసింది. ఆయన వంతు ముగింపుకు రెండు వరసల ముందే ఆగిపోయింది. రెండో వంతు ఒంటరిగా చివరిదాకా సాగి, పాట చివర పెద్ద గంట మోగాల్సినచోట ముగిసింది. మియాతి వైరు పీకేసింది. చాపమీద కీబోర్డుకు ఆ చివర, కూర్చున్న ఆయన కుడిచెయ్యి అందనిచోట, ఒక తెల్ల మెట్టు ఇంకా కిందికి నొక్కుకునే ఉంది.