మధ్య అంతస్తు కొలతలు

పదకొండేళ్లుగా ఆమె కుట్టు మిషన్ దర్జీ కొట్టు వెనక నడవలోనే ఉంది. బాత్రూముకి ఎవరు వెళ్లినా కుర్చీ జరిపి లేవాలి. రోజుకి ఎన్నిసార్లు లేచి కూర్చుంటుందో ఆమె మోకాళ్లకే తెలుసు. అందుకే, కొట్టు ఇరుకైపోయింది, నేలకీ కప్పుకీ నడుమ ఓ మధ్య అంతస్తు వేయిద్దామని భర్త అన్నప్పటినుంచీ ఆమెకి కాలు ఒకచోట నిలవడం లేదు. పైన తన మిషన్, పక్కన నిలువు కిటికీ వెలుతురు, లెమ్మనేవాళ్లు ఉండరు.

ఇనుప స్తంభాల మీద చెక్క వేయాలా, రేకు వేయాలా అని మూడు రోజులు తర్జనభర్జన పడ్డారు. రేకు మీద నడిస్తే కింద చెవులు చిల్లులు పడతాయని అత్తగారు తేల్చేయడంతో చెక్క ఖాయమైంది. వెల్డింగ్ మేస్త్రి కోసం భర్త మెడలో టేపుతోనే నిచ్చెనెక్కి గోడ ఎత్తు కొలిచి, చీటీ రాశాడు. పదమూడు అడుగుల మూడంగుళాలు. కింద ఏడడుగులు, అంతస్తు మందం ఆరంగుళాలు పోతే పైన ఐదడుగుల తొమ్మిదంగుళాలు. ఆమె ఐదున్నర అడుగుల మనిషి. సరిపోతుంది.

అయినా కుదురు లేదు. కుడుతూ కుడుతూ పైకి చూసేది, దారం తెగేది. ఇనుము కోయడానికి మేస్త్రి వచ్చిన ఉదయం చీటీ ఇంకోసారి అడిగి తీసుకుంది. అరవైమూడు, అరవైమూడు, ముప్పైమూడు అని వరసగా ఉంది. దర్జీ టేపు పొడవు అరవై అంగుళాలే కదా.

"ఏవండీ, గోడక్కూడా లూజు పెట్టారా?"

భర్త నవ్వబోయి ఆగిపోయాడు. ఇరవయ్యేళ్లుగా ఛాతీ కొలిచినా నడుము కొలిచినా ఒంటికి పట్టేయకుండా మూడంగుళాలు కలిపే రాస్తాడు. టేపు పెట్టిన మూడుసార్లూ చేయి దానంతటదే కలిపేసింది. మేస్త్రి ఇనుప టేపుతో కొలిస్తే పన్నెండున్నర అడుగులు తేలింది. పైన మిగిలేది ఐదడుగులే.

గోడ ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాడు కాబోలు మావాడు, అంది అత్తగారు.

కింద తగ్గిద్దామంటే ఫ్యాను తలకి తగులుతుందన్నాడు మేస్త్రి. భర్త మెడ గోక్కున్నాడు.

"కూర్చుని చేసే పనే కదా. ఎత్తుతో ఏం పని?"

"కూర్చోవాలంటే అక్కడిదాకా నడవాలిగా. ఇన్నాళ్లూ లేచి కూర్చున్నాను, ఇక వంగి నడవమంటారా?"

ఆమె కొట్టంతా కలయజూసింది. కిటికీ కింది సగాన్ని కప్పేసి గుడ్డ తానులు పేర్చి ఉన్నాయి.

"పైకి నేనెక్కను. ఆ తానులు ఎక్కుతాయి. వాటికి తల లేదు. కిటికీ దాకా రాకుండా వెనక సగమే వేయించండి."

తాను కావాలన్నప్పుడల్లా ఎక్కేదెవరని భర్త అడిగాడు. ఆయన ఆమె చెవిదాకా వస్తాడంతే.

"మీరే. రోజుకి నాలుగుసార్లు వంగుతారు. నేను నలభైసార్లు లేస్తున్నాను."

అత్తగారు మేస్త్రి వైపు తిరిగి, సగానికే కోయవయ్యా, అంది. భర్త చీటీ తీసుకుని అంకెలు కొట్టేసి, ఈసారి ఏమీ కలపకుండా రాశాడు.

అంతస్తు లేవడానికి పదిరోజులు పడుతుందట. ఆమె ఆగలేదు. నాలుగు తానులు లాగి కత్తిరింపు బల్ల మీద పడేసి, ఆ సందులోకి కుర్చీ ఈడ్చుకుంది. అవెక్కడ పెట్టాలని భర్త విసుక్కున్నా పలకలేదు. ఒళ్లో వెలుతురు పడింది. మిషన్ ఇంకా నడవలోనే ఉంది. ఆమె పాదం మాత్రం అప్పుడే నేల మీద ఆడుతోంది.