కేశవయ్య చెట్టు రంగు తిరిగిన వారం

అరవై దాటాక కేశవయ్యకు చెట్టు పిచ్చి పట్టింది. వేపో, కానుగో అయితే ఎవరూ నవ్వేవారు కాదు. ఆయన మనసు పడింది హార్న్‌బీమ్ మీద! చలిదేశాల చెట్టు, ఆకు రాలే ముందు నిలువెల్లా నారింజ రంగుకు తిరుగుతుందని ఫోన్లో చూశాడు. బెంగుళూరు నర్సరీ నుంచి తెప్పించి, కర్నూల్లో తన మేడ మీద పెద్ద తొట్టిలో నాటాడు. మన ఎండల సంగతి చెప్పాలా? పచ్చవల కప్పి, తడి గోనెపట్టాలు చుట్టి, పసిబిడ్డను సాకినట్టు సాకాడు.

చెట్టు బతికింది. రంగు మాత్రం తిరగలేదు. ప్రతి చలికాలమూ పచ్చగా ఉండగానే పలచబడి, బోడిదైపోయేది.

"కాయా లేదు, పండూ లేదు. కరివేపాకు పెట్టుకుంటే పప్పులోకన్నా వస్తాది" అనేది భార్య రాజ్యలక్ష్మమ్మ. అన్నా, తెల్లారకముందే లేచి నీళ్లు పోసేది ఆమే.

"ఈ చలికాలమూ రంగు రాకుంటే పీకించేస్తాలే" అని నోరు జారాడు కేశవయ్య. అన్నప్పటినుంచీ ఆయనకు అన్నం సహించలేదు.

ఇంతలో రాజ్యలక్ష్మమ్మ చెల్లెలితో శ్రీశైలం పోయి, అటునుంచటే కడప దగ్గరి పుట్టింటికి వెళ్లింది. వాళ్లది తమలపాకు తోటల ఇల్లు. ఆమె లేని వారంలో నీళ్లు పోసే పని కేశవయ్య మీద పడింది. రోజుకో కొమ్మ చొప్పున చెట్టంతా నారింజ రంగెక్కింది!

"ఏమప్పా ప్రకాశం, బిన్నా పైకి రా!" అని పక్కింటాయన్ని కేకేశాడు.

"శానా బాగుండాది అన్నా!" అన్నాడు ప్రకాశం, నోరు తెరిచి.

ఊరి నుంచి దిగిన రాజ్యలక్ష్మమ్మ నేరుగా మేడెక్కింది. "అయ్యయ్యో, చెట్టంతా పండిపోయిందే!" అంటూ చకచకా ఆకులు గిల్లసాగింది.

"ఓమే! ఏం చేస్తాండావే?"

"దినామూ చేసేదే. పండాకు ఒకటుంటే తమలపాకుల కట్టంతా చెడుతుందని మా నాయన అంటాండె. చెట్టుకు తెగులొచ్చిందంటే మీరు బెంగపెట్టుకుంటారని, మీరు లేచేలోపలే గిల్లి పారేస్తాంటి."

కేశవయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఆ పండాకులేనే నేను కాచుకున్న రంగు!"

"పండాకుల కోసం చెట్టు పెంచుతారా యాడన్నా? మీరు రంగు రంగంటాంటే పూలేమో అనుకుంటిని!" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. గిల్లిన ఆకుల్ని కొంగులో వేసుకుంది, పారేయలేదు.

మర్నాడు కేశవయ్య లేచేసరికి ఆమె చెట్టు ముందు నిలబడి ఉంది, చేతులు వెనక్కి కట్టుకుని.

"చేతులు ఊరుకోవడంలేదు. వచ్చి పట్టుకోండి" అంది.

ఆయన వెళ్లి పట్టుకున్నాడు.