అతిథి రాసిన అభిప్రాయం

కథల వెబ్‌సైటు ఎప్పుడు తెరిచినా నా తోడికోడలు ఉమారాణి ఫోనులో ఆమె పేరు సిద్ధంగా ఉంటుంది. నేను ముందురోజే పాస్‌వర్డు ఇచ్చి, ‘గుర్తుంచుకో’ అన్న గడిలో టిక్కు పెట్టి వచ్చినా, మరునాడు నా అభిప్రాయం కింద ‘అతిథి’ అనే పడుతుంది. ఉద్యోగమంతా నారాయణఖేడ్ బడిలో తెలుగు చెప్పిన నేను అతిథిని. కందులు చెరుగుతూ ఒంటివేలితో టైపు చేసే ఆమె సభ్యురాలు.

మొన్న ఒక కథ కింద ఆమె ‘చదివి ఏడ్చిన’ అని రాసింది. ఆ మాటకు వచ్చినన్ని మెచ్చుకోళ్లు కథకే రాలేదు. నేను వెంటనే రాశాను: ‘కన్నీరు పాఠకురాలి మెత్తదనానికి సాక్ష్యం, కథ గుణానికి కాదు.’ కింద నా పేరు చూసుకోవాలనే రాశాను. అతిథి అనే పడింది.

సాయంత్రం ఉమారాణి ఫోను పట్టుకొని పక్కింటి నుంచి వచ్చింది.

“అక్కా, గీ అతిథి ఎవడో సూడు. నన్నే పొడిసిండు. అందరు శభాష్ అంటుండ్రు.”

చూశాను. ప్రశంసలు నిజంగానే వచ్చాయి, ఊరూ పేరూ లేనివాడికి. ఆమె మీదున్న అసూయ కొంత వాడి మీదికి కూడా మళ్లింది.

“మొగోడని ఎట్ల తేల్చినవ్?”

“ఆడోళ్లయితె ఎదురుంగనే తిడ్తరు గదక్కా.”

నేను నా ఫోను తీసి, సైటు నన్ను ఎందుకు మరచిపోతున్నదో చూడమన్నాను. నేను చిరునామా కొట్టే తీరు చూసి ఆమె నవ్వింది.

“నేను పంపిన లింకుల మూడు డబ్ల్యూలు లెవ్వు. నువ్వు గా లింకుతోని లోపలికి పోతవ్, తెల్లారి డబ్ల్యూలు పెట్టి కొడ్తవ్. కథలు రెండిట్ల అవే, గని ఫోనుకు అవి రెండు వేరే ఇండ్లు. ఒక ఇంట్ల పేరు చెప్పి ఇంకో ఇంట్లకు పోతె ఎవలు గుర్తువడ్తరు? నాకు గిట్లనే అయితె సైటోళ్లను అడిగిన.”

చిరునామాను సాంతం రాయడం నా క్రమశిక్షణ. దాని వల్లనే నా పేరు పోయింది. కుదించి రాసే ఆమె పేరు నిలిచింది.

డబ్ల్యూలు తీసి కొట్టాను. భీమమ్మ అని నా పేరు కనిపించింది. మళ్లీ చేర్చాను. అతిథి. ఉమారాణి చూపు తెర మీద ఆగి, నెమ్మదిగా నా ముఖం మీదికి వచ్చింది.

“అంటె, గా మాట రాసింది నువ్వా అక్కా?”

కాదనవచ్చు. అప్పుడు ఆ శభాష్‌లన్నీ ఎప్పటికీ వాడివే.

“నేనే. వాక్యంల తప్పుంటె చెప్పు.”

ఆమె మళ్లీ చదివింది.

“తప్పేం లేదక్కా. గందుకే నొచ్చింది.”

ఆ జవాబులో తీసివేయదగిన మాట ఒక్కటీ నాకు దొరకలేదు. అదీ నాకు నచ్చలేదు.