మోకాలి ఊసు లేని లేబుల్

లోసలినికి బేరాలు కొత్త కాదు. సువా పట్నం బజారులో, నొప్పులకు రాసుకునే దిలో గింజల నూనె సీసాలు అమ్మి సొంత కొట్టు పెట్టుకున్న మనిషి. ఈసారి బేరం మాత్రం మేనత్త విలిమైనాతో. కండావు దీవిలో దిలో చెట్లన్నీ ఆవిడవే. ఆవిడ కాదంటే నూనె లేదు, నూనె లేకపోతే బ్రిస్బేన్ ఆర్డరూ లేదు.

చిక్కంతా లేబుల్ దగ్గరే. సీసా మీద మోకాలు పట్టుకుని నవ్వుతున్న అత్త బొమ్మ. కింద ఆవిడ మాట: "ఇది రాశాకే మళ్లీ నడిచాను." ఆస్ట్రేలియాలో అలా అంటే నూనె కాస్తా మందు లెక్కలోకి పోతుంది. మందంటే పరీక్షలు, నమోదు, తడిసి మోపెడు ఖర్చు. నొప్పి ఊసెత్తకపోతే ఒంటికి రాసుకునే మామూలు నూనెగా వెళ్లిపోతుంది. బ్రిస్బేన్ కొట్టాయన గ్లెన్ ఫోనులోనే తేల్చేశాడు, ఆ మాటా వద్దు, ఆ మోకాలూ వద్దని.

లోసలిని పడవెక్కి వెళ్లి, దంచి నీళ్లలో కలుపుకుని తాగే యంగోనా వేళ్ల కట్ట కానుకగా అత్త ముందు చాప మీద పెట్టింది. పెద్దలు దాన్ని అందుకున్నారంటే సగం ఒప్పుకున్నట్టే. ఆ లెక్కతోనే లావుపాటి కట్ట కొంది.

అత్తకూ ఆ లెక్క తెలుసు. చేతులు ఒళ్లోంచి తియ్యలేదు.

"వేళ్లు బాగున్నాయే. ముందు సంగతేంటో చెప్పు."

లోసలిని చెప్పింది.

"అంటే నా మోకాలు అబద్ధమంటారా?"

"అబద్ధమని కాదత్తా. రుజువు కావాలంటారు."

"రమ్మను, లేచి ఆడి చూపిస్తా."

"నువ్వొక్కదానివి ఆడితే చాలదు. బోలెడు మోకాళ్లు కావాలట."

"మరి మన నూనె కొనే ఆ నౌమియా కొట్టువాళ్లేమంటారు?"

"వాళ్లు మాట్లాడేది ఫ్రెంచి. లేబులంతా ఫ్రెంచిలో రాయాలి."

"ఈ వయసులో నా మోకాలికి ఫ్రెంచి కూడానా! సరే, బ్రిస్బేన్ సీసా మీద ఇంకేం మిగులుతుంది?"

"ఏమేం ఉన్నాయో, ఎంత ఉందో, ఎవరు ఎక్కడ చేశారో."

అత్త ముందుకు వంగింది. "ఎవరు చేశారో కూడానా? ఇప్పుడెవరి పేరుంది?"

"నా కొట్టు పేరు..."

"గింజలు ఎండబెట్టేది నేను, నూనె తీసేది నేను, బొమ్మ నాది. పేరు నీదా!"

లోసలిని మనసులో లెక్కేసుకుంది. అత్త పేరు వేస్తే రేపు గ్లెన్ తననొదిలేసి నేరుగా ఆవిడతోనే బేరమాడొచ్చు. వెయ్యకపోతే ఇవాళే నూనె లేదు. రేపటి నష్టం కన్నా ఇవాళ్టి నష్టం పెద్దది.

"నీ పేరే వేస్తానత్తా. ఊరి పేరూ వేస్తా."

"ఫోను నంబరు?"

అది మాత్రం లోసలిని వెంటనే ఒప్పుకుంది. ఈ ఊళ్లో సిగ్నల్ దొరకాలంటే కొండెక్కాలి మరి, గ్లెన్ ఫోను చేసినా అత్తకు అందదు.

అత్త వేళ్ల కట్ట ఒళ్లోకి తీసుకుంది.

"కొండ సంగతేగా నువ్వు లెక్కేసుకుంటున్నావు? ఎక్కుతాలేవే. మోకాలికి రాసే నూనె నా దగ్గరేగా ఉంది."