‘ప్లక్’ అనే మాటకు అర్థం

ఆ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కార్యాలయంలో ప్రూఫులు దిద్దే ఆవిడ ఇరవై రెండేళ్లలో ప్రధాన సంపాదకుడికి ఒక్కసారీ ఎదురు చెప్పి ఎరగదు. తప్పు కనబడితే చీటీ మీద రాసి, ఆయన భోజనానికి వెళ్లినప్పుడు బల్ల మీద పెట్టి వచ్చేది. కామాలూ చుక్కలూ అయితే ఆయన దిద్దుకునేవారు. అంతకు మించినవి ఆవిడ రాసేది కాదు.

ఆ వారం ‘పి’ అక్షరం అచ్చుకు పోతోంది. ‘ప్లక్’ అనే ఇంగ్లీషు మాట దగ్గర ఆయన ఇలా రాశారు: ‘పీకుట, కోయుట, పరాక్రమము. సాహిత్యమున రాజులకు, సేనానులకు వాడుదురు.’

ఆవిడ చీటీల పెట్టె ముందేసుకుంది. పాత ఇంగ్లీషు నవలల్లోంచి, పత్రికల్లోంచి ఆ మాట ఉన్నచోటల్లా ఎత్తి రాసిన వాక్యాలు నలభై ఒకటి. వాటిలో రాజు ఒక్కడూ లేడు. మంచం దిగలేని ముసలమ్మ ఉంది. తుఫానులో పడవను వదలని వంటమనిషి ఉన్నాడు. ఒక కుంటి గుర్రం ఉంది. ఒక చీటీలో మాత్రం వంటింటి బల్ల మీద గొర్రె ‘ప్లక్’ ఉంది. అదేమిటో ఆవిడకు బోధపడలేదు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లింది. బావది మాంసం కొట్టు.

“బావా, గొర్రెలో పట్టి లాగితే వచ్చేదేంటి?”

“గొంతు దగ్గర పట్టుకుని లాగితే గుండెకాయ, కార్జం, ఊపిరితిత్తులు ఒక్క గుత్తిగా వచ్చేస్తాయి. ఏం, కొట్టు పెడతావా?”

“దాని పేరే ఇంగ్లీషువాళ్లు ధైర్యానికి పెట్టుకున్నారు.”

“మనం మాత్రం? గుండె ఉండాలంటాం. కార్జాన్నే కలేజా అంటాం. ఊపిరిని దమ్ము అంటాం. మూడూ ఆ గుత్తిలోవే.”

“సరే, ఈ ముక్క మీ సార్‌కి చెప్తావా?” అంది అక్క. మళ్లీ తనే మొగుడి వైపు తిరిగింది. “చెప్పదు. చిన్నప్పుడు కుక్క కరిస్తే ఆ కుక్కకే సారీ చెప్పిన మనిషి.”

మర్నాడు ఆవిడ చీటీలన్నీ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లి, సంగతి చెప్పింది.

“అంటే నేను తప్పు రాశానంటారా?”

“అవును సార్. తప్పే.”

ఆ మాట అని, ఆయన కూర్చోమనకుండానే కుర్చీలో కూర్చుంది. ఆయన నలభై ఒక్క చీటీలూ చదివారు. గంట పట్టింది. ఆవిడ అక్కడే ఉండిపోయింది.

“ఈ కుంటి గుర్రం ఏమయింది?”

“పందెంలో ఆఖర్న వచ్చింది సార్.”

“ఆఖర్నా?”

“వచ్చింది కదా సార్.”

ఆయన ‘పరాక్రమము’ కొట్టేశారు. “మరి ఏం రాద్దాం? తెగువ?”

“తెగువలో దూకుడు ఉంది సార్. గుండె దిటవు అంటే సరిపోతుందేమో.”

‘గుండె దిటవు. తనకన్నా పెద్దదాని ముందు తగ్గకుండా నిలబడుట. సాహిత్యమున చిన్నవారికి, బలహీనులకు ముచ్చటగా వాడుదురు’ అని ఆయన రాసి, ప్రూఫు ఆవిడ వైపు తోశారు. తర్వాత తొమ్మిది రోజులు మాట్లాడలేదు.

పదో రోజు ఆయనే ఆవిడ బల్ల దగ్గరికి వచ్చారు. “అచ్చయిపోయిన అక్షరాల్లో ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?”

“ఉన్నాయి సార్.”

ఆయన గడియారం చూసుకున్నారు. “రేపు పొద్దున్నే మొదలుపెడదాం.”

తప్పొప్పుల పట్టిక పద్నాలుగు పేజీలు వచ్చింది. ఇద్దరూ కలిసి పూర్తి చేయడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో వాళ్లు పదకొండు సార్లు పోట్లాడుకున్నారు. ఆవిడ ఏడుసార్లు నెగ్గింది.