తమలపాకంత ల్యాప్‌టాప్

"తమలపాకంత ఉండాది, ఇదేం లాగుద్ది అంత తెరని?" అన్నాడు నరేంద్రబాబు, తిన్న ప్లేటు భార్య ఉషారాణి చేతికిస్తూ. కడిగే చెయ్యి ఎదురుగా ఉండగా సింకు దాకా నడిచే అలవాటు ఆయనకు లేదు లెండి.

బల్ల మీద కొత్త మానిటర్, ల్యాప్‌టాప్‌కు తగిలించినా వెలగకుండా, నల్లగా నిలబడి ఉంది. మామూలు తెర కాదది, డ్రోన్ తీసిన ఫొటోలో గట్టు మీది గడ్డి కూడా కనబడే రకం. ఆ ఫొటోల మీద పొలాల హద్దులు గీసే పని ఉషారాణి ఇంట్లోంచే చేస్తోంది. ఇప్పుడు మిగతావాళ్లు గీసినవి సరిచూసే ఉద్యోగం ఇస్తామని కంపెనీవాళ్లు తెర పంపారు. నీ ల్యాప్‌టాప్‌తో అది నడుస్తోందని సాయంత్రంలోగా చెప్పు, లేదంటే ఇంకొకరికిస్తాం అన్నారు.

"తిప్పి పంపించెయ్. మనకెందుకీ పెద్ద పనులు," అని నరేంద్రబాబు బండెక్కి రొయ్యల గుంటలకు వెళ్లిపోయాడు.

సన్నగా ఉంటే లాగదని ఈ ఇంట్లో మొదటినుంచీ నమ్మకం. పెళ్లిచూపుల్లో అత్త ఆదిశేషమ్మ కూడా, "ఈ సన్నపిల్ల మన చాకిరీకి ఆగుద్దా?" అని ఉషారాణి ముందే అడిగింది. ఆగింది. గుంటల మీది మనుషులకు క్యారేజీలు, అత్తకు మాత్రలు, వచ్చినవాళ్లకు కాఫీలు, ఆ మధ్యలో తన పని. ఎట్టా లాక్కొస్తున్నావమ్మా అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. ఉషారాణికి ఒళ్లు మండింది. ల్యాప్‌టాప్ చేసినవాళ్ల వెబ్‌సైట్ తెరిచింది. ఇంత తెరనూ నడుపుతుందని రాసే ఉంది. మరి తప్పెక్కడ? చేతిలో కేబుల్ చూసింది. ఫోన్ ఛార్జింగ్‌ది. మూతి అదేగానీ, దీంట్లో కరెంటు పోతుంది, బొమ్మ పోదు. తెరతో వచ్చిన మందపు కేబుల్ ఏమైనట్టు?

ఎవర్నీ అడగక్కర్లేదు. సముద్రపు ఉప్పుగాలికి సన్న వైర్లు చీకిపోతాయని, ఇంట్లో మందపు వైరు ఏది కనబడినా గుంటల షెడ్డుకే పోతుంది. మధ్యాహ్నం క్యారేజీతో వెళ్లేసరికి ఆ కేబుల్‌కే భర్త ఫోను వేలాడుతోంది. పీకేసింది.

"ఏందది, ఛార్జింగ్ పెట్టినాను గదా."

"ఇది నా తెరది. మీది ఇదిగో."

"ఏదైతే ఏంది, వైరే గదా."

"వైరే. నా వైరు."

ఇంటికొచ్చి కేబుల్ గుచ్చగానే తెర వెలిగింది. అల్లూరు పక్క వరిమళ్లు, కాలవలు, గట్టు మీద ఎవరో ఆరేసుకున్న తువ్వాలుతో సహా. సంతోషం పట్టలేక ఒక్కతే నవ్వేసింది. అన్నం కూడా తినకుండా, ఉద్యోగానికి ఒప్పుకుంటున్నానని మెయిల్ పంపింది. రేపటినుంచి పొద్దున్నే డ్యూటీ, క్యారేజీలకు మనిషిని చూసుకోండి అని అత్తకు చెప్పింది.

సాయంత్రం తల్లి చెప్పగానే నరేంద్రబాబు చెప్పులతోనే గదిలోకొచ్చాడు.

"ఎవర్నడిగి ఒప్పుకున్నావు?"

ఉషారాణి తెర మీంచి చూపు తిప్పలేదు.

"ల్యాప్‌టాప్‌నడిగినాను. లాగుతానంది."