సంబంధం లేని మనుషులు

వాల్వు గుంత మీది ఇనప మూత జారి కడ్డీ అక్క తోటికోడలి కుడిచేతి మీద పడింది. రెండు వేళ్లు నుజ్జయ్యాయి. కడ్డీ అక్క ఆ చేతికి తన కొంగు చుట్టి, ఆసుపత్రికి చీటీ రాసిస్తారేమోనని నీళ్ల ఆఫీసుకు పరుగున తీసుకెళ్లింది. పెద్ద ఇంజినీరు నెత్తురోడే చేతిని చూడలేదు, రిజిస్టరు చూశాడు.

"ఎవరీమె? మా సిబ్బందిలో లేదే! సంబంధం లేని మనిషికి చీటీ ఎలా ఇస్తాం? అసలు ఆ మూత దగ్గర ఈమెకేం పని?"

ఏం పనో ఆయనకు తెలియదట! పాపం, కుళాయిలో నీళ్లు వాటంతటవే నడిచొస్తాయనుకున్నాడు కాబోలు.

ఊరు చిన్నగా ఉన్నప్పుడు నీళ్లు వదలడానికి పన్నెండు మందిని పెట్టారు. ఊరు ఆరింతలైంది. వాల్వులు నాలుగు వందలయ్యాయి. మనుషులు మాత్రం ఆ పన్నెండు మందే. ఒక్క మనిషి ఒకే వేళకు ఐదు వీధుల్లో ఎలా నిలబడతాడు? అందుకే ఆ మగాళ్లు తమ పెళ్లాల్నీ వదినల్నీ చెల్లెళ్లనీ పనిలోకి దించారు. పదేళ్లుగా, కడ్డీ అక్కతో కలిపి పద్నాలుగు మంది ఆడవాళ్లు భుజాన వాల్వు తిప్పే ఇనప కడ్డీ వేసుకుని, గుంతల్లోకి వంగి నగరానికి నీళ్లిచ్చారు. ఆఫీసేమో ఏటేటా పైకి ఒకే ముక్క రాసింది: 'సరఫరా సజావుగా ఉంది, ఉన్న సిబ్బంది సరిపోతారు.' ఆ గొప్ప రాతకు ఇంజినీరు మెడలో పూలదండ కూడా వేశారు, సిగ్గులేకుండా.

సాయంత్రం అందరూ పంపుహౌసు వెనక రేకుల షెడ్డులో కూడారు.

"ఒక్కరోజు కూడా నీళ్లు ఆగనివ్వలేదే మనం! సారు నన్ను మెచ్చుకున్నాడు కూడా," అన్నాడు కడ్డీ అక్క మొగుడు.

"ఆ మెచ్చుకోలే మన కొంప ముంచిందయ్యా! మావల్ల కావట్లేదని ఒక్కనాడైనా నోరు విప్పారా? మమ్మల్ని దాచిపెట్టి, వాళ్ల దొంగ కాగితానికి మీరే సాక్ష్యం పలికారు!" అంది కడ్డీ అక్క.

"ఇప్పుడు బయటపెడితే మా ఉద్యోగాలు ఊడతాయమ్మాయ్," అన్నాడు ముసలి వాల్వు మనిషి.

"ఊడితే ఎవరొస్తారు బాబాయ్? ఏ గొట్టం ఎక్కడుందో ఆ మహానుభావుడికి తెలుసా?"

"వాడికి వాల్వుకీ వంకాయకీ తేడా తెలీదు," అని ఎవరో అన్నారు. షెడ్డంతా ఘొల్లున నవ్వింది.

"అయితే రేపట్నించి ఆడవాళ్లం కడ్డీ ముట్టం. మీరు పన్నెండు మందే తిప్పండి, ముందు మన పేటలకు వదలండి. మిగిలిన నీళ్లతో పెద్దోళ్ల కాలనీల్ని సరిపెట్టుకోమనండి. ఉన్న సిబ్బంది సరిపోతారుగా!" అంది కడ్డీ అక్క.

మర్నాటి నుంచే ఆడవాళ్లు పేట పేటా తిరిగి సంగతి చెప్పారు. ఐదో రోజుకు ఇంజినీరుగారి కాలనీలో ట్యాంకులు ఎండిపోయాయి. ఆరో రోజు పొద్దున్నే ఆయన ఎస్సైనీ పోలీసు వ్యాన్నీ వెంటేసుకుని, గడ్డం కూడా గీసుకోకుండా పేటలోకి దిగాడు. జనం చుట్టూ మూగారు.

"ఏమే, మా వాల్వు ఎందుకు తిప్పలేదు?" అని కడ్డీ అక్క మీద విరుచుకుపడ్డాడు.

"నేనెవర్ని సార్? సంబంధం లేని మనిషిని."

"నోర్ముయ్! ఎస్సైగారూ, లోపలెయ్యండి వీళ్లని!"

"కేసు ఏమని రాయాలి సార్?"

"ఆరు రోజులుగా డ్యూటీకి రాలేదని రాయవయ్యా! పద్నాలుగు మందీ రాలేదని!" ఎస్సై జీపు బానెట్ మీద పెట్టి రాసిన కాగితం మీద ఇంజినీరు కోపంతో బరబరా సంతకం గీకాడు.

"ఒకసారి గట్టిగా చదవండి," అంది కడ్డీ అక్క.

ఎస్సై చదివాడు. "నీటి సరఫరా శాఖ పనిలో ఉన్న పద్నాలుగు మంది మహిళలు డ్యూటీకి హాజరు కాలేదు..."

పేటంతా పగలబడి నవ్వింది. పదేళ్లుగా కళ్లకు కనబడని మనుషులు, తన కాలనీ ఎండగానే అయ్యగారికి కనబడ్డారు! ఏం సంతకం చేశాడో అప్పుడు బుర్రకెక్కి, ఇంజినీరు కాగితం లాక్కోబోయాడు. కట్టు కట్టిన చెయ్యి ఒకటి వచ్చి దాని మీద పడింది. తోటికోడలు.

"నా పేరు మొదట రాయండి సార్," అంది. "అందరికంటే ఒకరోజు ముందే డ్యూటీ మానేశాను."

చెప్పి, ఎవరూ పిలవకుండానే వెళ్లి పోలీసు వ్యానెక్కింది. ఆమె వెనక పదమూడు మందీ ఎక్కారు.